నాలుగేళ్ల వాయిదా

ఈశాన్య చైనాలో చమురు బావులకు పేరుపడ్డ నగరం దాచింగ్. 1986లో అక్కడి వైద్యులు 1,10,660 మందికి చక్కెర పరీక్షలు చేశారు. మధుమేహం ఇంకా రాలేదు గానీ, గ్లూకోజు తాగించాక రక్తంలో చక్కెర దిగాల్సినంత త్వరగా దిగని 577 మందిని తమ అధ్యయనంలో చేర్చుకున్నారు. ‘బోర్డర్‌లో ఉంది’ అని మన డాక్టర్లు చెప్పే దశ ఇదే.

వీళ్లు వెళ్లే 33 క్లినిక్‌లను నాలుగు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి మామూలు సలహాలే ఇచ్చారు. మిగిలిన మూడింటిలో ఒకదానికి ఆహారంలో మార్పులు, ఇంకొకదానికి వ్యాయామం, మూడోదానికి రెండూ. మందుబిళ్ల ఊసే లేదు. కూరగాయలు ఎక్కువ తినాలి, మద్యం, తీపి తగ్గించాలి, లావుగా ఉన్నవాళ్లు మెల్లమెల్లగా బరువు తగ్గాలి. వ్యాయామం లెక్క ఇంకా తేలిక: అరగంట తీరిగ్గా నడిచినా, 20 నిమిషాలు చకచకా నడిచినా, 10 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తినా, 5 నిమిషాలు స్కిప్పింగ్ చేసినా ఒక్కటే.

ఆరేళ్లకు మామూలు సలహాల వర్గంలో 68 శాతం మందికి షుగర్ వచ్చింది. మిగతా మూడింటిలో 41 నుంచి 46 శాతం మందికే.

శిక్షణ అక్కడితో ఆగింది. పరిశోధకులు మాత్రం ఆ మనుషుల్ని వదల్లేదు. 20 ఏళ్లకు చూస్తే శిక్షణ పొందినవాళ్లలోనూ 80 శాతం మందికి జబ్బు వచ్చేసింది. పొందనివాళ్లలో 93 శాతం. ఇంత కష్టపడీ ఏం లాభం అనిపిస్తుంది. జవాబు 2019లో, 30 ఏళ్ల లెక్కతో వచ్చింది. మధుమేహం దాదాపు నాలుగేళ్లు ఆలస్యమైంది. గుండె, రక్తనాళాల జబ్బులు 26 శాతం తగ్గాయి. కళ్లను, మూత్రపిండాలను, నరాలను దెబ్బతీసే చిక్కులు 35 శాతం తగ్గాయి. సగటు ఆయుర్దాయం 1.44 ఏళ్లు పెరిగింది.

కారణం ఉంది. పెరిగిన చక్కెర రక్తనాళాలకు చేసే చేటు ఏటికేడూ పేరుకుంటుంది. ఆలస్యంగా మొదలైతే పేరుకునేదీ తక్కువే. నడక ఈ ఆలస్యానికి ఎలా సాయపడుతుందంటే, నడుస్తున్నప్పుడు కండరాలు ఇన్సులిన్ కోసం చూడకుండానే గ్లూకోజును లాక్కుంటాయి, ఆగాక కొన్ని గంటలపాటు ఇన్సులిన్ మాటకు బాగా స్పందిస్తాయి.

అన్నం ఎక్కువ తినే మనవాళ్లకు ఇది పనిచేస్తుందా? చెన్నైలో డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వెలువడింది. మూడేళ్లలో ప్రత్యేక సలహాలు అందనివాళ్లలో 55 శాతం మందికి షుగర్ వస్తే, నడక, తిండి మార్చుకున్నవాళ్లలో 39 శాతం మందికి వచ్చింది. అదీ బరువు పెద్దగా తగ్గకుండానే! తూకం కదలడం లేదని నిరాశపడి నడక మానేసేవాళ్లకు ఈ సంగతి తప్పక చెప్పాలి.

బోర్డర్ దశలో సాధారణంగా లక్షణాలేవీ కనిపించవు. 75 గ్రాముల గ్లూకోజు తాగిన రెండు గంటలకు చేసే పరీక్షలో 140 నుంచి 199 మధ్య వస్తే బోర్డర్‌లో ఉన్నట్టే. అమ్మకో నాన్నకో షుగర్ ఉన్నవాళ్లు 30 దాటాక ఈ పరీక్షను వాయిదా వేయకూడదు.