పాఠశాల వార్షిక సంచిక: చిన్నవారికి పని నేర్పుట

పాఠశాల వార్షిక సంచిక ఇంటికి వచ్చిననాడు దానిని మొదటి పుటనుండి చదువువారు అరుదు. తల్లియైనను, తాతయైనను ముందుగా వెదకునది తమ బిడ్డ పేరు. అది కనబడిన పుటలో వేలుంచి, తక్కినది తరువాత చూతమందురు. ఇందు తప్పేమియు లేదు. ఆరవ తరగతి బాలిక తన పేరును అచ్చులో చూచుకొనుట అదే మొదటిసారి కావచ్చును. కొందరికి అదే కడసారియు కావచ్చును.

ఇట్టి సంచికను సిద్ధపరచు పని సాధారణముగా తొమ్మిది, పది తరగతుల విద్యార్థులపై బడును. వారికి సాయముగా ఆరు, ఏడు తరగతులవారిని ఉపాధ్యాయులు చేర్చుదురు. సాయమనగా పెక్కుచోట్ల కాగితములు మోయుట, ఫోటో దినమున కుర్చీలు సర్దుట. ఏప్రిలునాటికి సంచిక వెలువడును. జూనునాటికి దానిని తీర్చినవారు పాఠశాల విడిచిపోవుదురు. కొన్నియేండ్లకు కుర్చీలు సర్దినవారే సంపాదకులగుదురు. వారికి వచ్చినది కుర్చీలు సర్దుటయే. కావున పెద్ద విద్యార్థి చేతిలో నున్నవి రెండు సంచికలని మేము భావించుచున్నాము: ఈ యేటిది ఒకటి, తాను చూడబోనిది ఒకటి.

పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుట మన బడులకు క్రొత్త కాదు. 1789లో మద్రాసు ఎగ్మూరునందలి అనాథ బాలుర ఆశ్రమమునకు అధికారియైన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు, ఒక నాటుబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచెను. ఆ పద్ధతికి తన ఉపాధ్యాయులు సమ్మతింపకపోగా, ఎనిమిదేండ్ల బాలునికే చిన్నవారి తరగతిని అప్పగించెను. బాలుడు చక్కగా నేర్పెను. 1797లో బెల్ దీనిని గూర్చి లండనులో పుస్తకము ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండున వ్యాపించెను. అచ్చట క్రమముగా వందలమందికి చౌకగా చదువు చెప్పు ఉపాయముగా మారినది. ఆ భాగము మనకు అనుసరణీయము కాదు.

సంచిక పనిలో మిక్కిలి కష్టమైనది వ్యాసములు దిద్దుట. ఏడవ తరగతి బాలుడొకడు తమ యూరి చెరువునకు గండిపడిన రాత్రిని గూర్చి వ్రాసెననుకొందము: “నీళ్లు వచ్చినవి. మా గేదె అరిచినది. మేము గుడి మెట్లెక్కినాము.” పదవ తరగతి సంపాదకునికి ఇది చాలినట్లు తోచదు. కలము పుచ్చుకొని “ప్రకృతి ప్రళయతాండవ మొనర్చెను” అని మొదలుపెట్టును. గేదె పోవును, గుడి మెట్లు పోవును. వ్యాసము క్రింద బాలుని పేరుండును గాని వ్యాసములో అతడుండడు. మరుసటి యేడు అతడు వ్రాయడు.

ఇచ్చట పెద్దవాడు కలము క్రింద పెట్టి ప్రశ్నలడుగవలెను. గేదె కట్టివేసి యుండెనా? ఎవరు విప్పిరి? మెట్లమీద ఎంతసేపుంటిరి? ఆ సమాధానములను బాలునిచేతనే వ్రాయించినచో మూడు వాక్యములు ముప్పది యగును. అక్షరదోషములను తప్పక దిద్దవచ్చును. అయితే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అది ఎందుకు దోషమో చెప్పుచు దిద్దవలెను. రేడియో కేంద్రములో క్రొత్తగా చేరిన అనౌన్సరు ప్రక్కన అనుభవజ్ఞులుందురు; మాట మాత్రము క్రొత్తవారే పలుకవలెను. వారికి బదులుగా మేము పలికినచో ఆనాటి ప్రసారము నిర్దుష్టముగా సాగును, వారికి మాత్రము పని రాదు.

కొన్ని సంగతులు చేతితో చూపిననే పట్టుబడును. పుటల లెక్క అట్టిది. ఒక కాగితమును మూడు మడతలు పెట్టించి, మడతలు పూర్తిగా విప్పకయే సందులలోనికి పెన్సిలు పోనిచ్చి, 1 మొదలు 16 వరకు పుటల అంకెలు వేయించవలెను. పిదప విప్పి చూచినచో అంకెలు కొన్ని తలక్రిందులుగా, వరుస తప్పి కనబడును. వెన్నువైపు కలిసియున్న ఏ రెండు పుటల అంకెలను కూడినను 17 వచ్చును. ఈ వింత చూచిన పిల్లవాడు, ముద్రాపకుడు పుటలను నాలుగులలో, ఎనిమిదులలో, పదునారులలో ఏల లెక్కించునో మరల అడుగడు. విషయము 33 పుటలకు వచ్చినపుడు ఒకటి తగ్గింతుమా, మూడు పెంచుదుమా యని తానే యోచించును.

సీసపు అక్షరములు కూర్చు దినములు పోయి కంప్యూటరు వచ్చినను అచ్చుతప్పులు పోలేదు. 1991లోనే యూనికోడు ప్రమాణములో తెలుగునకు స్థానము లభించినది. అయినను ముద్రణాలయపు ఫాంటు వేరైనచో ఒత్తులు చెదరును. ఇక దీర్ఘ మొక్కటి జారినచో, తాత మేడ యెక్కెనని వ్రాసినది తాత మెడ యెక్కెనని అచ్చగును. వ్రాతప్రతిని ఒకరు పైకి చదువుచుండగా ఒకరు ప్రూఫు చూచుట మంచిది. చదువువాడు పెద్దవాడు, పెన్సిలు పట్టువాడు చిన్నవాడు కావలెను.

పేర్ల విషయమున ఇదియు చాలదు. హాజరుపట్టికలో ఒక విధముగను, ఇంటిలో ఒక విధముగను పేరు వ్రాయు కుటుంబములు పెక్కు కలవు. ఒకే తరగతిలో మల్లేశ్వరియు, మల్లీశ్వరియు ఉండవచ్చును. చిన్నవారు ప్రతి తరగతికిని పోయి, ఎవరి పేరును వారికే చూపి, సరియేనని గుర్తు పెట్టించుకొని రావలెను. కాలినడకతో కూడినదే యైనను సంచికలో ఇంతకంటె బాధ్యత గల పని లేదు. ఫోటో దినమున జ్వరముతో రానివారెవరో కూడ అప్పుడే బయటపడును. వారికి మరియొక దినమున ఫోటో తీయవచ్చును.

ఫోటోలను గూర్చి ఒక్క మాట. వాట్సాపులో ఫోటోగా పంపిన చిత్రము కుదించుకొనిపోవును. తెరమీద బాగుగనే యుండి అచ్చులో మసకబారును. అంగుళమునకు 300 చుక్కల లెక్కన 4 అంగుళముల వెడల్పునకు 1200 చుక్కలు కావలెను. ఈ లెక్క ఆరవ తరగతివారే వేయగలరు.

పదవ తరగతివారికి మార్చిలో పరీక్షలు సమీపించును గనుక, సంక్రాంతి సెలవులు ముగిసినది మొదలు పని చిన్నవారి చేతికి రావలెను. దానితోపాటు ఒక నోటుపుస్తకమును అప్పగించవలెను. విషయము ముద్రాపకునికి ఏ తేదీన ఇచ్చిరి, ప్రూఫు ఎన్ని దినములకు వచ్చినది, ప్రతి యొక్కింటికి ఎంత పడినది, గత సంచికలో ఎవరి పేరు తప్పుగా పడినది, అన్నియు అందు వ్రాసియుండవలెను. పుస్తకములో సగము ఖాళీగా విడువవలెను. తరువాతి యేటి లెక్కలు అందులోనే వ్రాయుదురు.