ట్రేసింగ్ కాగితం మీద నిలబడని మనిషి

పాత డచ్ చిత్రకారులందరూ కెమెరా అబ్‌స్క్యూరా (ఎదుటి దృశ్యాన్ని లోపలి తెర మీద బొమ్మగా చూపే పెట్టె) పెట్టుకుని ట్రేస్ చేసినవాళ్లేనన్న మాట వీడియోల ద్వారా బొమ్మలు నేర్చుకునే పిల్లల్లోకి పాకింది. జరుగుతున్న నష్టం కళ్లెదుటే ఉంది: ఫోన్‌లో ఫొటో, దాని మీద కాగితం, చుట్టూ ఒక గీత. అలా గీసిన మనిషికి ముక్కూ కళ్లూ కుదురుతాయి గానీ కాళ్లు నేలకు ఆనవు.

అపోహ: పరికరం లేకుండా వాళ్లు మనిషిని గీయలేదు.

వాస్తవం: 18వ శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్‌లో మనిషి బొమ్మ ఎలా నేర్పారో చూస్తే ఈ వాదన నిలవదు. ముందు అచ్చుచిత్రాలు చూసి గీయాలి, తర్వాత ప్లాస్టర్ విగ్రహాలు, ఆపైన ఎదురుగా నిలబడ్డ మోడల్. ఆడ్రియాన్ డె లేలీ 1801లో చిత్రించిన, అదే ఊరి ఫెలిక్స్ మెరిటిస్ సంఘం డ్రాయింగు గదిని చూడండి: దీపం వెలుగులో మోడల్, చుట్టూ గీస్తున్నవాళ్లు. కెమెరా అబ్‌స్క్యూరాకు దండిగా వెలుతురు కావాలి. దీపపు వెలుగులో అందులో పడేది మసక బొమ్మే. అంచు వెంట గీత లాగితే సరిపోయేదైతే, యాకబ్ డె విట్ 1747లో మానవ శరీరపు కొలతల మీద ప్రత్యేకంగా డ్రాయింగు పుస్తకం ఎందుకు తెస్తాడు?

పరికరమే లేదని మాత్రం అనలేం. బొమ్మలు గీయడానికి దాన్ని ఎలా వాడాలో డచ్ శాస్త్రవేత్త స్‌గ్రావెసాండె 1711లోనే రాశాడు. వాడినవాళ్లూ ఉండే ఉంటారు, ఒప్పుకోక తప్పదు. కానీ అది ఆకారపు అంచు చూపిస్తుంది, బరువు ఏ కాలి మీద పడిందో నేర్పదు.

అపోహ: రెంబ్రాంట్‌తోనే డచ్ చిత్రకళలో మనుషుల బొమ్మలు ఆగిపోయాయి.

వాస్తవం: ద హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో కార్నెలిస్ ట్రోస్ట్ రెంబ్రాంట్ తర్వాత చాలాకాలానికి, 1739-40ల్లో వేసిన ‘నెల్రి’ అనే వరుస చిత్రాలు ఐదున్నాయి. మొదటిదాంట్లో మౌనంగా కూర్చున్న మిత్రులు, చివరిదాంట్లో తాగి తూలిపోతారు.

అపోహ: స్కెచ్ అంటే చిత్తుకాగితం.

వాస్తవం: 18వ శతాబ్దపు డచ్ సేకర్త ప్లోస్ వాన్ ఆమ్‌స్టెల్ స్కెచ్‌లను సేకరించడమే కాదు, అచ్చం అలాగే కనిపించే ముద్రణలూ తీశాడు.

కాబట్టి ఫోను పక్కన పెట్టి ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబెట్టండి. బరువంతా ఒక కాలి మీద వేయమనండి. గొంతు గుంట నుంచి నిట్టనిలువుగా గీత దించితే అది దాదాపు ఆ పాదం మీదికే వస్తుంది. ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, భుజం కిందికి దిగుతుంది. ఈ మూడూ కుదిరాకే ముఖం జోలికి వెళ్లండి.