రాత్రివేళ చేపల వేట: దీపము, ఈటె, వక్రీభవనము

అనంతపురము ప్రాంతము వానలు తక్కువగా కురియు సీమ. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే ఇచట కురియును. అందుచేతనే మన పూర్వులు వాననీటిని నిలువచేయుటకు ఊరూరను చెరువులు కట్టించిరి. నంది కొండలలో పుట్టిన చిత్రావతి బుక్కపట్నము చెరువునకును, ధర్మవరము చెరువునకును నీరిచ్చి తుదకు పెన్నలో కలియును. ఆ పెన్నా నది హిందూపురము ప్రాంతముననే మన రాష్ట్రములో ప్రవేశించును. 1565 నాటి యుద్ధము తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ పరిసరములలో కూడ చెరువులు కలవు. ఈ మూడు పట్టణములును 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నవి.

చెరువు నిండి మరవ పారినపుడు చేపలు క్రొత్తనీటికి ఎదురెక్కును. ఎండకాలమున నీరు తగ్గి మడుగులుగా మిగిలినపుడు అవి ఒకచోట గుమిగూడును. వల, గాలము లేనివాడు కూడ అట్టి సమయములలో ఒక దీపమును, ఒక ఈటెను పట్టుకొని రాత్రివేళ నీటి అంచునకు పోవచ్చును. ఇది ప్రపంచమున అనేక దేశములందు అతి ప్రాచీన కాలమునుండి ఉన్న పద్ధతి.

అయితే మొదటిసారి ఈటె పట్టినవానికి ఒక వింత అనుభవము కలుగును. చేప కన్నులయెదుట స్పష్టముగా కనుపించుచుండును. అది కదలదు. గురిచూచి పొడుచును. ఈటె నేలలో దిగబడును గాని చేపకు తగులదు. రెండవసారియు అంతే. లోపము చేతిలో ఉన్నదని అతడు తలచును. నిజమునకు లోపము చేతిలో లేదు. చేప అతనికి కనుపించిన చోట లేదు!

చేప ఎచట ఉన్నది?

కాంతి గాలిలోకంటె నీటిలో మెల్లగా పయనించును. అందుచేత అది నీటినుండి గాలిలోనికి వచ్చునపుడు దారి మార్చుకొని వంగును. దీనినే వక్రీభవనము అందుము. నీటి వక్రీభవన గుణకము సుమారు 1.33, అనగా 4/3. తిన్నగా పైనుండి క్రిందికి చూచినచో నీటి లోతు నాలుగింట మూడువంతులుగా మాత్రమే తోచును. 60 సెంటీమీటర్ల లోతున ఉన్న చేప 45 సెంటీమీటర్ల లోతుననే ఉన్నట్లు కనుపించును. ఇట్లు తిన్నగా చూచునపుడు చేప పైకి వచ్చినట్లు తోచునే గాని ప్రక్కకు జరిగినట్లు తోచదు. కనుక నిలువుగా పొడిచిన ఈటె గురి తప్పదు.

ఒడ్డున నిలిచినవాడు మాత్రము ఏటవాలుగా చూచును. అతని చూపు లంబరేఖకు 45 డిగ్రీల కోణమున నీటిపై పడుచున్నదనుకొందము. నీటిలో ఆ కోణము 32 డిగ్రీలకు తగ్గును. చేప 60 సెంటీమీటర్ల లోతున ఉన్నచో, చూపు నీటిని తాకిన చోటునుండి అది ముందునకు సుమారు 37 సెంటీమీటర్ల దూరమున ఉండును. కాని ఈటె వంగదు. చూపు వెంబడి తిన్నగా పోయిన ఈటె, చేప ఉన్న చోటికి చేరునప్పటికి 37 సెంటీమీటర్ల లోతునకే దిగియుండును. అనగా చేప వీపు మీదుగా దాదాపు ఒక జానెడు ఎత్తున అది దాటిపోవును. ఒక జానెడు తప్పినచో చిన్నచేప బ్రదికిపోవును. పెద్దచేప తోకకో, రెక్కకో గాయము తగిలించుకొని పారిపోయి, తరువాత ఎవరికిని దక్కక చచ్చును.

కనుక మొదటి సూత్రము: ఏటవాలుగా చూచునపుడు చేపకు క్రిందుగా గురిపెట్టవలెను. లోతు పెరిగినకొలదియు, చూపు వాలినకొలదియు మరింత క్రిందుగా గురిపెట్టవలెను. రెండవ సూత్రము ఇంకను మేలైనది: ఈటె మొనను ముందుగనే సద్దులేకుండ నీటిలోనికి దింపి, మెల్లగా చేప దగ్గరకు చేర్చవలెను. అప్పుడు ఈటె విరిగినట్లు కనుపించును గాని, మొనయు చేపయు రెండును నీటిలోనే ఉండుటచేత రెండును ఒకే విధముగా పైకి జరిగినట్లు తోచును. కంటికి మొన చేప ప్రక్కన ఉన్నచో నిజముగను అది ప్రక్కననే ఉండును. మిగిలినది కొద్దిపాటి తోపు మాత్రమే.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక వెడల్పయిన తొట్టెలో 15 సెంటీమీటర్ల లోతు నీరు పోసి అడుగున ఒక నాణెమును ఉంచుడు. రెండువైపుల తెరచియున్న సన్నని గొట్టమును 45 డిగ్రీల వాలులో బిగించి, దాని గుండా నాణెము కనుపించునట్లు సర్దుడు. పిమ్మట తిన్నని ఇనుపచువ్వను ఆ గొట్టము గుండా క్రిందికి జార్చుడు. చువ్వ నాణెమును తాకదు. దానికి అవతల సుమారు ఐదున్నర సెంటీమీటర్ల దూరమున అడుగును తాకును. చువ్వను తీసివేసి, అదే గొట్టము గుండా సన్నని టార్చి కాంతిని పంపుడు. కాంతి నాణెముమీదనే పడును! కాంతి వచ్చిన దారినే తిరిగిపోవునని దీనివలన విద్యార్థులకు చక్కగా బోధపడును.

దీపమును ఎచట పట్టవలెను?

రాత్రివేటలో దీపము సగము పని చేయును. తప్పుగా పట్టినచో అదియే పనిని చెరచును. దీపపు కాంతి అంతయు నీటిలోనికి పోదు. నిలువుగా పడినచో నూటికి 2 పాళ్లు మాత్రమే ప్రతిఫలించును. లంబరేఖకు 60 డిగ్రీల వాలున పడినచో సుమారు 6 పాళ్లు, 80 డిగ్రీల వాలున పడినచో సుమారు 35 పాళ్లు నీటి ఉపరితలముననే వెనుదిరుగును. దూరమునుండి దీపము చూపినచో నీరు అద్దమువలె మెరయుటయే గాని లోపలి చేప కనుపించకపోవుటకు కారణమిదియే. కనుక దీపమును నీటికి పైగా చాచి, కాంతి సాధ్యమైనంత నిలువుగా పడునట్లు పట్టవలెను.

ఇక కంటి సంగతి. చీకటికి మన కన్ను పూర్తిగా అలవాటు పడుటకు దాదాపు అరగంట పట్టును. మూతలేని దీపమును ఒక్కసారి చూచినంతనే ఆ శక్తి చాలవరకు పోవును. కనుక దీపమునకు మనవైపున ఒక రేకు మరుగు తప్పక ఉండవలెను.

మన చెరువుల నీటిలో ఎఱ్ఱమట్టి రేణువులు తేలుచుండుట సహజము. దీపము కంటి ప్రక్కననే ఉన్నచో ఆ రేణువులపై పడిన కాంతి తిరిగి కంటికే చేరి, పొగమంచులో మోటారుబండి దీపమువలె తెల్లని తెరను కట్టును. దీపమును కంటికి దూరముగా, ప్రక్కకు పట్టినచో ఈ తెర తగ్గును. అందుచేత ఒకరు దీపమును, మరియొకరు ఈటెను పట్టుట మేలు. మట్టి, పాచి కలిసిన నీటిలో నీలికాంతి త్వరగా హరించిపోవును. పసుపు, ఆకుపచ్చ కాంతులు ఎక్కువ దూరము పోవును. క్రొత్త తెల్లని ఎల్.ఇ.డి. దీపము ఎంత కాంతివంతమైనను, బురదనీటిలో పసుపువన్నె దీపమే స్పష్టముగా చూపుట కలదు.

మొదట దివిటీలుండెను. పిమ్మట కార్బైడు దీపములు వచ్చెను; కాల్షియం కార్బైడుపై నీటిబొట్లు పడగా పుట్టు ఎసిటిలీను వాయువే వానిలో మండును. ఆపైన పెట్రోమాక్సు వచ్చినది. దాని మాంటిలును థోరియం ఆక్సైడు, స్వల్పముగా సీరియం ఆక్సైడు చేర్చి తయారుచేసెడివారు. నీలి ఎల్.ఇ.డి.ని కనుగొన్న అకసాకి, అమానో, నకమురా అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. నేటి తెల్లని చేతిదీపములకు మూలము ఆ పరిశోధనయే.

చేపకు మనమెట్లు కనుపింతుము?

నీటిలోని చేపకు పైలోకమంతయు ఒక గుండ్రని కిటికీలో ఇమిడినట్లు కనుపించును. నీటినుండి గాలిలోనికి కాంతి పోవుటకు అవధి కోణము సుమారు 48½ డిగ్రీలు. కావున ఆ కిటికీ కోణము 97 డిగ్రీలు. 60 సెంటీమీటర్ల లోతున ఉన్న చేపకు ఈ కిటికీ వ్యాసార్ధము 68 సెంటీమీటర్లు. ఒడ్డున నిలిచిన మనిషి ఆ కిటికీ అంచున కుదించబడి కనుపించును. దీపము మనిషి ముందుండి, మనిషి చీకటిలో నిలిచినచో చేపకు అతడు కనుపించడు. కాని అడుగుల చప్పుడు తెలియును. చేప ప్రక్కలందున్న పార్శ్వరేఖ నీటిలోని స్వల్ప కదలికలను కూడ గ్రహించును.

చేపలకు రెప్పలు లేవు. ఎముకల చేపలలో చాలవాటికి కంటిపాప మన కంటిపాపవలె వెలుగునుబట్టి కుదించుకొనదు. వెలుగునకు వాని కన్ను సర్దుకొనుటకు పలు నిమిషములు, ఒక్కొక్కప్పుడు గంట దాకను పట్టును. హఠాత్తుగా దీపము పడినపుడు కొన్ని చేపలు దిగ్భ్రమచెంది కదలక నిలుచుటకు ఇది ఒక కారణము. అనగా దీపము చేపను మనకు చూపుటయే గాక, దాని ఆత్మరక్షణను కూడ హరించుచున్నది.

ఈటెను పట్టు విధము

వెదురుకఱ్ఱకు మూడు నాలుగు ఇనుపమొనలు అమర్చిన ఈటె ఒంటిమొన ఈటెకంటె మేలు. గురి కొద్దిగా తప్పినను ఏదో ఒక మొన తగులును. మొనలకు కొంకులున్నచో చేప జారిపోదు. వెదురు తేలును గనుక చేయిజారినను పోదు. నడుచునపుడు మొనలు నేలవైపు వాలి, తోడి మనిషికి దూరముగా ఉండవలెను. పని లేనపుడు వానికి తొడుగు ఉండవలెను. ఈటె త్రాటిని మణికట్టుకు ముడివేయరాదు. లోతు తెలియని నీటిలో దిగరాదు. తన పాదమున్న దిక్కునకు ఎన్నడును పొడువరాదు. తన పాదము కూడ నీటిలో ఉన్న చోట ఉన్నట్లు కనుపించదని మరువరాదు. కట్ట రాళ్లలో పాములుండును, ఒంటరిగా పోరాదు.

మోటారు తీగలనుండి విద్యుత్తును నీటిలోనికి వదలి చేపలు పట్టుట ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. తడిసిన చర్మము విద్యుత్తును సులభముగా లోనికి రానిచ్చును. అందు మొదట చచ్చునది చేపయా, మనిషియా అనునది ఎవరును చెప్పలేరు. పేలుడు పదార్థములతోను, విషముతోను చేపలను చంపుటను 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించినది. చెరువులోని చేపల హక్కు మత్స్యకారుల సంఘమునకు ఇచ్చియున్నచో వారి అనుమతి లేక ఈటె పట్టరాదు. అది వారి జీవనాధారము.

ఏ చేపను విడువవలెను?

ఈటెకు ఒక సుగుణము కలదు. వల దొరికినదాని నెల్ల పట్టును. ఈటె చూచి, ఎంచి, ఒక్కదానినే పట్టును. ఆ ఎంపికలోనే వేటగాని వివేకము తెలియును. కొఱ్ఱమేను సంగతి చూడుడు. వర్షకాలమున అది గట్టుదగ్గర, నాచులో గూడు చేసికొని గ్రుడ్లు పెట్టును. పిల్లలు నారింజవన్నెతో ఒక గుంపుగా నీటిపై తిరుగుచుండును. తలిదండ్రులు, ముఖ్యముగా మగచేప, వానిని విడువక కాపాడుచుండును. గాలి పీల్చుకొనుటకు కొఱ్ఱమేను పైకి రాక తప్పదు. కనుక దీపము పట్టినవానికి అన్నిటికంటె సులభముగా దొరకునది పిల్లలను కాయుచున్న ఈ చేపయే. దానిని పొడిచినచో దక్కునది ఒక చేప. కావలి లేని వందల పిల్లలు ఇతర చేపల పాలగును. ఏటేట నిండుదునన్న నమ్మకము లేని చెరువులో ఈ నష్టము చిన్నది కాదు.

దీపపు శక్తి పెరిగినకొలది ఈ వివేకమును కొన్నిచోట్ల చట్టమే నేర్పవలసి వచ్చినది. మన దేశపు సముద్రజలాలలో ఎల్.ఇ.డి. వంటి కృత్రిమ దీపములతో చేపలను ఆకర్షించి పట్టుటను కేంద్రప్రభుత్వము 2017లో నిషేధించినది. చెరువుగట్టున నిలిచినవానికి అట్టి కావలి ఎవరును ఉండరు. ఎఱ్ఱని పిల్లలగుంపు దీపపు వెలుగులో కనబడినచో ఈటెను పైకెత్తి, దీపమును ప్రక్కకు త్రిప్పి ముందునకు సాగవలెను. మరుసటి సంవత్సరము మరవ పారునాటికి ఆ చెరువులో చేపలుండునా, ఉండవా అనునది ఆ ఒక్క నిముషమున తేలును.