వ్యూహరచన: అందరూ నేర్వవలసిన విద్య

సువర్ణరేఖా నదికి ఒక గట్టున జంషెడ్‌పూర్ ఉక్కు నగరం, ఆవలి గట్టున మాంగో ఉన్నవి. కర్మాగారంలో జరిగే నిర్ణయాల ఫలితం వంతెన దాటి మాంగోలోని ఇండ్లను చేరుతుంది. కనుక సంస్థ తన భవిష్యత్తును ఎట్లు నిర్ణయించుకొంటుందన్నది కేవలం అధికారుల సమస్య కాదు.

వ్యూహమనగా లక్ష్యాన్ని, దానిని చేరే మార్గాన్ని, వెచ్చించవలసిన వనరులను ముందుగా నిర్ణయించుకోవడం. ఇది ఒక్కసారితో ముగిసే పని కాదు. నిర్ణయం పైనుండి క్రిందికి, అనుభవం క్రిందినుండి పైకి నిరంతరం ప్రవహించాలి. 1956లో టాటా ఉక్కు కంపెనీకి, టాటా కార్మిక సంఘానికి కుదిరిన ఒడంబడిక ఇందుకు మార్గం వేసింది. శాఖ, కర్మాగారం, యాజమాన్యం అనే మూడు స్థాయిలలో ఉభయ పక్షాల సంయుక్త మండలులు ఏర్పడినాయి. నిర్వహణ విద్య బోధించే ఎక్స్.ఎల్.ఆర్.ఐ. సంస్థ 1949లో ఈ నగరంలోనే వెలసింది.

అయితే సంప్రదింపులు కష్టాలన్నిటినీ తొలగించలేవు. 1990వ దశకంలో ఆధునికీకరణతోపాటు ఇచ్చట సిబ్బంది సంఖ్య గణనీయంగా తగ్గింది. అట్టి సమయంలోనే ఈ విద్యకు అసలైన పరీక్ష. కార్మికుడు చేసిన సూచనను అంగీకరించినా, నిరాకరించినా, కారణం అతనికి తెలియజేయాలి. సమాధానం లేని మండలి క్రమేణా మౌనం వహిస్తుంది. అప్పుడు సంస్థ నేర్చుకోవడమే మానివేస్తుంది.