చలువ కళ్లద్దములు: ముదురురంగు కంటె పక్కకాపు ముఖ్యము

శీతకాలపు అపరాహ్ణమున కోల్‌కతా మైదానమునకు పోయినవారికి ఒక దృశ్యము తరచుగా కనిపించును. పడమటికి వాలిన సూర్యునికి ఎదురుగా నిలిచి, పైనుండి దిగు బంతిని పట్టుటకై నొసట చేయి అడ్డముపెట్టుకొని, బాలురు కనులు చిట్లించుచుందురు. ఆ మైదానమునకు చేరువనే గల ఈడెన్ గార్డెన్స్‌లో 1934 జనవరిలో తొలి టెస్టు క్రికెట్ పందెము జరిగినపుడు భారత జట్టునకు నాయకుడు తెలుగు కుటుంబమునకు చెందిన సి. కె. నాయుడుగారు. కణతలవరకు వంగి కన్నును చుట్టియుండు క్రీడా కళ్లద్దములు ఆ తరము తరువాత చాలకాలమునకు వ్యాప్తిలోనికి వచ్చినవి. అమెరికాకు చెందిన ఓక్లీ సంస్థ 1984లో సైకిలు పందెగాండ్రకొరకు తెచ్చిన అద్దములు వీనికి దారిచూపినవి.

నేడు ఇవి పెద్ద దుకాణములయందేగాక ధర్మతల కాలిబాటలపైనను లభించుచున్నవి. రకములు పెక్కు. కొనువారు సాధారణముగా రంగును, మెరుపును చూచి కొందురు. కన్నునకు మేలుచేయునవి మాత్రము వేరు గుణములు.

హాని ఎటునుండి వచ్చును?

సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణములు కలవు. నడినెత్తిన సూర్యుడున్నపుడు కనుబొమలును, టోపీ అంచును కొంత నీడనిచ్చును. ఉదయము కొంత ప్రొద్దెక్కిన పిదపను, మధ్యాహ్నము తిరిగిన పిదపను కిరణములు ఏటవాలుగా వచ్చి కన్నును నేరుగా తాకును. ఇసుక, సిమెంటు నేలలు గడ్డికంటె హెచ్చుగా కిరణములను తిరుగగొట్టును.

వీనిలో కణత ప్రక్కనుండి వచ్చు కిరణములు విశేషముగా గమనింపదగినవి. కంటి ముందుభాగమందలి పారదర్శక పటలము భూతద్దమువలె పనిచేసి, ప్రక్కనుండి వచ్చిన కాంతిని ముక్కువైపు అంచున కేంద్రీకరించును. ఈ విషయమును ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు మినాస్ కొరొనియో 1990 దశకమున వివరించెను. తెల్లగ్రుడ్డుపై రెక్కవలె పెరుగు కండపొర ఎక్కువగా ముక్కువైపుననే ఏల పుట్టునో దీనివలన తెలియుచున్నది. ఆ పొరను వైద్యులు టెరీజియం అందురు. అది నల్లగ్రుడ్డుపైకి ప్రాకినచో చూపు మందగించును; శస్త్రచికిత్స చేసి తీసివేసినను కొందరికి మరల పెరుగును. ఏండ్లతరబడి సోకిన ఎండ శుక్లములు ఏర్పడుటకును ఒక కారణము. పిల్లల కంటి కటకము పెద్దలదానికంటె హెచ్చుగా కిరణములను లోనికి పోనిచ్చును గనుక ఆటలాడు పిల్లల విషయమున తల్లిదండ్రులు మరింత శ్రద్ధ వహింపవలెను.

బల్లపరుపు అద్దము ముందునుండి వచ్చు కాంతిని ఆపినను ప్రక్కలను విడిచివేయును. చుట్టుకొను అద్దముల ప్రయోజనము ఇక్కడనే యున్నది.

ముదురురంగు మోసము

అద్దము ఎంత నల్లనిదైన అంత మంచిదనుట పొరపాటు. రంగు కంటికి కనబడు వెలుతురును తగ్గించును. అతినీలలోహిత కిరణములను ఆపుట వేరొక గుణము. ఆ గుణము లేని నల్లని అద్దము ధరించినపుడు చీకటికి కనుపాప విప్పారి, హానికర కిరణములకు వాకిలి తెరచినట్లగును. "పైన పటారము, లోన లొటారము" అను సామెత ఇట్టి సరకునకు సరిపోవును. 400 నానోమీటర్లవరకు కిరణములను ఆపునను గుర్తు, అనగా యు.వి. 400, ఉన్నదానినే నమ్మకమైన దుకాణమున కొనవలెను. కొందరు కళ్లద్దముల వర్తకులయొద్ద దీనిని పరీక్షించు యంత్రముండును.

మూడు రకములు

పూర్తి చట్రము గలవి అద్దమును గట్టిగా పట్టియుంచును, ప్రక్కలను బాగుగా మూయును. అయితే కోల్‌కతా వర్షాకాలపు ఉక్కలో వీనికి లోపల ఆవిరి పట్టును. క్రింది అంచు చూపునకు కొంత అడ్డమగును.

అరచట్రము గలవానికి అద్దము క్రింద చట్రముండదు. గాలి ఆడును, పాదములవద్దకు దొరలివచ్చు బంతి స్పష్టముగా కనిపించును. పరుగెత్తువారికిని, ఎక్కువగా చెమటపట్టువారికిని ఇవి అనుకూలము.

ఒకే పలకగా నున్నవి విశాలమైన చూపునిచ్చును. గీతపడినచో పలక మొత్తము మార్చవలెను. చూపు పవరు అమర్చుట కష్టము.

రవీంద్ర సరోవరమున పడవలు నడుపువారికి నీటిపై మిరుమిట్లను తగ్గించు పోలరైజ్డ్ అద్దములు మేలు. అవి ధరించినపుడు కొన్ని ఫోను తెరలు నల్లగా కనబడవచ్చును. పోలరైజ్డ్ అన్నంతమాత్రమున అతినీలలోహిత కిరణములను ఆపునని తలపరాదు. ఆ గుర్తును వేరుగా చూడవలెను.

హెచ్చు పవరు గలవారు బాగుగా వంగిన అద్దములలో ఆ పవరు అమర్చినచో దృశ్యము వంకరగా తోచవచ్చును. వారు నేత్రవైద్యుని సలహాపై తక్కువ వంపు గలవానిని ఎన్నుకొనుట మంచిది.

కొనుటకు ముందు

అద్దములు ధరించి తలను అటునిటు ఊపవలెను, జారరాదు. కణతయొద్దను, బుగ్గయొద్దను వ్రేలు దూరునంత సందు ఉండరాదు. అయినను రెప్పవెండ్రుకలు అద్దమునకు తగులరాదు. పిదప అద్దమును చేయిచాచి పట్టుకొని, దానిగుండా కిటికీ ఊచను చూచుచు మెల్లగా కదల్పవలెను. ఊచ అలలవలె వంగినచో ఆ అద్దమును విడిచిపెట్టవలెను. ఆటకు పగులు గాజు పనికిరాదు, పాలికార్బొనేటు శ్రేష్ఠము. అయినను బ్యాటు పట్టువానికి అది శిరస్త్రాణమునకు బదులు కాదు.

ఏ చలువ అద్దముతోను సూర్యుని గాని గ్రహణమును గాని చూడరాదు. రాత్రివేళ వాహనము నడుపునపుడు వీనిని ధరింపరాదు. వెడల్పు అంచుగల టోపీని వీనితో చేర్చినచో రక్షణ ఇనుమడించును.

మైదానమునకు పోవు బాలునకు కొనిపెట్టు అద్దములు స్నేహితులు మెచ్చునవి కావచ్చును, కాకపోవచ్చును. కణతవైపు సందులేకుండ అమరి, కిరణములను ఆపునవైనచో, చవుకవైనను అవియే మేలైనవి.