గొంతు ఒక్క చెవిలోనే వినిపిస్తోందా?

అమ్మమ్మ కబుర్లు అరగంట రికార్డ్ చేశారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గొంతు ఎడమ చెవిలోనే! కంగారుపడి డిలీట్ చేసేయకండి. ముందు ఏదైనా పాట వినండి. అది రెండు చెవుల్లోనూ వస్తే లోపం రికార్డింగ్‌లోనే.

మామూలు కాలర్ మైక్ ఇచ్చేది ఒక్క చానెలే. సెట్టింగ్ స్టీరియోలో ఉంటే ఒక్కోసారి రెండోది ఖాళీగా మిగిలిపోతుంది. పిన్ సరిగ్గా దిగకపోయినా అంతే.

కంప్యూటర్‌లో, ఉచితంగా దొరికే ఆడాసిటీలో ఫైల్ తెరవండి. ట్రాక్ మెనూలో ‘స్ప్లిట్ స్టీరియో టు మోనో’ నొక్కండి. సన్నటి గీతలా కనిపించే ఖాళీ ట్రాక్ తీసేసి ఎక్స్‌పోర్ట్ చేయండి. గొంతు రెండు వైపులా వచ్చేస్తుంది.

ఈసారి ముందే మోనో పెట్టి, 10 సెకన్లు టెస్ట్ చేసి, ఇయర్‌ఫోన్స్‌తో వినండి. ఫోన్ స్పీకర్‌లో ఈ తేడా తెలియకపోవచ్చు. అమ్మమ్మ మళ్లీ అవే కబుర్లు అలాగే చెప్పదుగా!