పద్దెనిమిది నిండని తల్లి ఏ లెక్కలోకి వస్తుంది?

ఆడపిల్లకు చిన్న వయసులోనే పెళ్లి చేయడం కులాన్ని నిలబెట్టుకునే ఉపాయమని అంబేడ్కర్ 1916లోనే చెప్పారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన సమర్పించిన ‘భారతదేశంలో కులాలు’ పత్రం సారాంశాల్లో అదొకటి. నూరేళ్లు దాటినా ఆ ఉపాయానికి కాలం చెల్లలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల వారిలో 5.8 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు.

వీరు ఎవరి పిల్లలు? ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేల్లో పదో తరగతి తరువాత కాలేజీ దూరమై చదువు ఆగిన పిల్లలు. జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో తల్లి పక్కన కూర్చుని బీడీలు చుట్టే బీసీ, దళిత ఇళ్ల పిల్లలు. గూడెంలో పేదరికం, దూరం పెళ్లిని తొందరపెడితే, మైదాన గ్రామంలో ‘పిల్ల వేరే కులం వాడితో వెళ్లిపోతే పరువేం కాను’ అన్న భయం ముహూర్తం పెట్టిస్తుంది.

ఆ పరువుకు మూల్యం చెల్లించేది పిల్ల దేహమే. రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇరవై దాటిన తల్లులకంటే ఈ పిల్లతల్లులకు గుర్రపువాతం, ప్రసవానంతర ఇన్ఫెక్షన్ల ముప్పు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. బిడ్డ నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదమూ ఎక్కువే.

కల్యాణలక్ష్మికి పద్దెనిమిదేళ్ల షరతు న్యాయమే. అది పెళ్లిని వాయిదా వేయించడానికి పెట్టినది. గర్భం నిలిచాక వయసు అడగడంలో ఏం న్యాయముంది? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు కనీసం ఆరు వేల రూపాయల ప్రసూతి సాయాన్ని హక్కుగా చెప్పింది. కేంద్ర మాతృ వందన యోజన మాత్రం దానికి వయోపరిమితి తగిలించింది. పైగా ఆస్పత్రికి వెళితే పోక్సో కేసవుతుందన్న భయం ఒకటి. గర్భస్రావం కోరే మైనర్ పేరు పోలీసులకు చెప్పనవసరం లేదని 2022లో సుప్రీంకోర్టు వెసులుబాటు ఇచ్చింది. కాన్పు కోరుకునే పిల్లకు ఆ నిబ్బరం ఎవరిస్తారు?

నేను కోరేది బాల్య వివాహాలకు మినహాయింపు కాదు. పెళ్లి చేసిన పెద్దలపై చట్టం నడవాలి. పిల్లతల్లికి మాత్రం అంగన్‌వాడీ భోజనం, తొలి నెలల నుంచే రక్తపరీక్షలు, రెండో కాన్పుకు ఎడం, తిరిగి బడికి దారి దొరకాలి. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలో గోండి, కోలామి మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు కావాలి. వాగులు పొంగకముందే ఆస్పత్రి దగ్గర బస ఏర్పాటు కావాలి.

ప్రసూతి సాయం జాతి ప్రయోజనమనీ, ఆ భారంలో ఎక్కువ భాగం ప్రభుత్వమే మోయాలనీ 1928లో బొంబాయి శాసనమండలిలో వాదించిందీ అంబేడ్కరే. పదిహేడేళ్ల తల్లి కూడా ఆ జాతిలో మనిషే.